సమాసం ఎక్కడ విరగాలి?

ఒక తప్పు ఒప్పుకోవడంతో ఈ వ్యాసం మొదలుపెట్టవలసి వుంది. చాలా ఏళ్ళ కిందట విశాఖపట్నంలో ఒక యువకవి తన పాటల రాతప్రతి తెచ్చి నా చేతికిచ్చాడు. కొలిమి దగ్గర పనిచేసే మనిషి. ఒక పాటలో ‘అగ్నిచెమట’ అని రాశాడు. నేను ఎర్రసిరాతో దానికింద గీత గీసి, పక్కన ‘వైరి సమాసం’ అని రాసి, ‘అగ్నిస్వేదం’ అని దిద్దాను. అతను మారు మాట్లాడలేదు. పుస్తకం అలాగే అచ్చయింది. ఆ తర్వాత ఒక సభలో ఆ పాట పాడుతుంటే విన్నాను. డప్పు ఆ మాట దగ్గరికి వచ్చేసరికి తడబడింది. పాడేవాళ్ళు రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి నా దిద్దుబాటు వదిలేసి ‘అగ్నిచెమట’ అనే పాడారు. డప్పు మళ్ళీ నడక అందుకుంది.

ఎందుకలా జరిగిందో ఆలోచించడానికి నాకు చాలాకాలం పట్టింది. లెక్క చూస్తే తేలికైనదే. ఆ పాట మూడేసి మాత్రల నడక. ‘అగ్ని’ మూడు మాత్రలు, ‘చెమట’ మూడు మాత్రలు. రెండు మాటలూ ఎక్కడ కలిశాయో సరిగ్గా అక్కడే దెబ్బ పడుతుంది. ‘అగ్నిస్వేదం’ అన్నామనుకోండి. సంస్కృత సమాసంలో రెండో మాట సంయుక్తాక్షరంతో మొదలైతే దాని ముందున్న హ్రస్వం గురువవుతుంది. ‘ని’ కాస్తా ‘నిస్’ అవుతుంది. నోరు దాన్ని అగ్-నిస్-వే-దం అని విరుస్తుంది. మొదటి మాట తోక రెండో మాట తలని మింగింది. ఆరు మాత్రలు ఎనిమిదయినాయి. నేను వ్యాకరణం దిద్దాననుకున్నాను గాని నిజానికి పాట కాలు విరిచాను.

ఈ చిన్న విషయంలో మన అభ్యుదయ సాహిత్యానికంతటికీ సంబంధించిన ఒక పెద్ద విషయం దాగివుందని నా నమ్మకం. అదే ఇక్కడ మనవి చేస్తాను.

వ్యావహారిక భాషా వాదానికి మన ఉత్తరాంధ్ర పుట్టినిల్లు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ అప్పారావు, విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర కలిసి ఆ వాదాన్ని నిలబెట్టారు. వాళ్ళ కృషి వల్లనే ఇవాళ మనం ‘చేయుచున్నాడు’ అని కాక ‘చేస్తున్నాడు’ అని రాయగలుగుతున్నాం. అయితే గమనించండి. మారింది ముఖ్యంగా క్రియ, విభక్తి. నామవాచకం అంతగా మారలేదు. వాక్యం చివర జనం మాట వచ్చి కూర్చుంది గాని, వాక్యం నడిమధ్య పండితుడి సమాసం కదలకుండా అలాగే వుంది. ‘చేస్తున్నాడు’ అనే వ్యావహారిక క్రియ ముందు ఇరవై అక్షరాల గ్రాంథిక సమాసం పెట్టి, మనం జనభాషలో రాస్తున్నామని అనుకుంటున్నాం.

పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో సమాసాలను మూడు తెగలుగా విభజించాడు: సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రమం. మిశ్రమాన్ని ఆయన కాదనలేదు. తెలుగు ప్రత్యయం తొడుక్కున్న తత్సమం తెలుగు మాటతో కలవవచ్చు. ‘ఉక్కునగరం’ అనే పేరు ఆ లెక్కన నిర్దోషం. కాని సంస్కృత ప్రకృతి ఉన్నపాటున తెలుగు మాటతో జతకడితే పండితులు ఒప్పుకోలేదు. దాన్ని వైరి సమాసమన్నారు, దుష్ట సమాసమన్నారు. మాటల మధ్య కూడా వర్ణసంకరం పనికిరాదన్నమాట.

మరి మన ఉద్యమాలు తమకు కావలసిన మాటలు ఎలా తయారుచేసుకున్నాయి? ప్రజాపోరాటం, భూపోరాటం, వర్గపోరు, కులగజ్జి. సూరి పద్ధతిలో చూస్తే ఇవన్నీ వైరి సమాసాలే. ‘భూ’ సంస్కృతం, ‘పోరాటం’ తెలుగు. ‘భూసంఘర్షణ’ అని శుద్ధంగా అనవచ్చు. ఎవరూ అనలేదు. రైతుకూలీ నోట నిలిచింది భూపోరాటమే. ఎందుకంటే దాని అతుకు కనిపిస్తుంది, వినిపిస్తుంది: భూ-పోరాటం. ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతుంది. భూమి అనే మాట తెలిసినవాడికి, పోరాటం అనే మాట తెలిసినవాడికి మూడోది ఏమీ నేర్పనక్కరలేదు. పండితుడు శత్రువులన్న రెండు మాటలు పొలంగట్టున నిలిచి చేతులు కలుపుకున్నాయి.

అతుకు కనిపించడం అనే గుణం తెలుగుకి సహజం. ఒక మాట ఇంకో మాటకి ముందు నిలబడితే, తాను విశేషణంగా నిలబడ్డానని చెప్పుకోవడానికి ఒక గుర్తు పెట్టుకుంటుంది. ఇనుము ‘ఇనుప’ అవుతుంది, ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, ఏరు ‘ఏటి’ అవుతుంది. సముద్రం ‘సముద్రపు’ అవుతుంది. విశాఖ చుట్టుపక్కల వూళ్ళ పేర్లు చూడండి: పెదవాల్తేరు, చినవాల్తేరు, పెదగంట్యాడ, చినగంట్యాడ, పెదజాలారిపేట. ‘పెద్ద’లో ఒత్తు పోయింది, ‘చిన్న’లో ఒత్తు పోయింది. గురువు లఘువైంది. ఎందుకు? విడిగా నిలబడ్డ మాటకి తన బరువు తనకి కావాలి. సమాసంలో చేరిన మొదటి మాట తన బరువు కొంత తగ్గించుకుని, వెనక వస్తున్న మాటకి దారి ఇస్తుంది. ఈ సూత్రం ఏ పాఠశాలలోనూ చదవకుండానే జాలారివాళ్ళు, కాపులు తమ వూళ్ళకి పేర్లు పెట్టుకున్నారు.

కలిపి పలకడానికీ విడిగా పలకడానికీ తేడా వుంది. ‘నల్లమందు’ ఒకటి, ‘నల్ల మందు’ ఇంకొకటి. మొదటిది మత్తుపదార్థం. రెండోది నల్లగా వున్న ఏ మందైనా కావచ్చు. ఇది మన భాషకి మాత్రమే వున్న చిక్కు కాదు. నార్వే దేశపు భాషలో సమాసాలను ఎంత పొడుగైనా కలిపే రాయాలని నియమం. విడగొడితే అర్థం మారుతుంది. గొర్రెపిల్ల తొడమాంసానికి వాళ్ళు ‘లామ్మెలోర్’ అని ఒకే మాటగా రాస్తారు. దాన్ని రెండు ముక్కలు చేసి రాస్తే ‘చచ్చుబడిన తొడలు’ అని అర్థం వస్తుంది. అంగడి బోర్డుల మీద అలాంటి తప్పులు చూసి అక్కడివాళ్ళు నవ్వుకుంటారు. ఇంకో సంగతి. వాళ్ళకీ మన ‘ఇనుప’లో ‘ప’ లాంటి అతుకు వుంది. పనికి ‘ఆర్బైడ్’, చోటుకి ‘ప్లాస్’. పనిచేసే చోటు ‘ఆర్బైడ్స్‌ప్లాస్’. నడిమధ్య ‘స్’ అతుకుగా చేరింది. పంక్తి చివర మాట విరచవలసి వస్తే ఆ ‘స్’ తర్వాతే విరుస్తారు. అంటే మాట ఎక్కడ కలిసిందో పాఠకుడి కంటికి తెలియాలని వాళ్ళ నియమం.

మన అచ్చులో అటువంటి పట్టింపు లేదు. సీసపు అక్షరాల రోజులనుంచీ పంక్తి నిండిన చోట మాట విరిగేది. ‘ప్రజాపో’ ఒక పంక్తిలో, ‘రాటం’ ఇంకో పంక్తిలో. ఒత్తక్షరాన్ని మాత్రం విడదీయలేం. కాగితం మీద ‘ఉ’ ఇక్కడ, ‘క్కు’ అక్కడ పడుతుంది. నోట్లో మాత్రం ‘ఉక్’ ఇక్కడ, ‘కు’ అక్కడ. అక్షరం విరిగే చోటు వేరు, పలుకు విరిగే చోటు వేరు. కాగితం మీద మాత్రమే మాటలు చూసుకునే రచయితకి ఈ తేడా తెలియదు. ఊరేగింపులో నడిచినవాడికి తెలుస్తుంది.

ఊరేగింపు అన్నాను గనుక 1966 దగ్గరికి వద్దాం. ఆ ఏడాది అక్టోబరులో విశాఖలో అమృతరావు నిరాహారదీక్ష పట్టాడు. నవంబరు 1న విశాఖలో పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయని లెక్క. ఆ రోజుల్లో వీధివీధినా మోగిన నినాదం ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’. సాహిత్య విమర్శకులు దాన్ని ఎప్పుడూ సాహిత్యంగా చూడలేదు. నేను ఇవాళ చూడమంటున్నాను.

విశాఖ నాలుగు మాత్రలు, ఉక్కు మూడు. ఆంధ్రుల నాలుగు, హక్కు మూడు. మొత్తం పధ్నాలుగు. గురజాడ ముత్యాలసరం పాదానికి కూడా పధ్నాలుగే మాత్రలు. అక్కడ మూడూ నాలుగూ, ఇక్కడ నాలుగూ మూడూ. ఎవరో కూర్చుని లెక్కవేసి కట్టిన నినాదమని నేననను. ఈ నేల మీద నడిచే కాళ్ళకి ఆ నడక అలవాటు అంటాను.

ఇంకా చూడండి. ‘విశాఖ’ అకారంతో ముగిసింది, ‘ఉక్కు’ అచ్చుతో మొదలైంది. సంధి చేస్తే ‘విశాఖుక్కు’ కావాలి. చేయలేదు. చేస్తే ఒక మాత్ర పోతుంది. అంతకన్న ముఖ్యంగా ఉక్కు తల పోతుంది. తల పోయిన ఉక్కుకి హక్కుతో ప్రాస వినబడదు. ‘ఉక్కు’ అచ్చ ద్రావిడ పదం. పాశ్చాత్యులు దక్షిణాది ఉక్కుని ‘వూట్జ్’ అని పిలిచిన మాటకి మూలం ఇదేనని పండితులు చెబుతారు. ‘హక్కు’ అరబ్బీనుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. ‘ఆంధ్రుల’ సంస్కృతం. ‘విశాఖ’ అనేది విశాఖపట్నం అనే సమాసంలో మొదటి సగం. నాలుగు మాటలు, మూడు మూలాలు. ఏ మాటా ఇంకో మాటని మింగలేదు. అందుకే అది నిలిచింది. 1982లో ఏర్పడిన సంస్థకి పెట్టిన అధికారిక నామం ‘రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్’. అందులో విశాఖా లేదు, ఉక్కూ లేదు. జనం మాత్రం ఇవాళ్టికీ విశాఖ ఉక్కు అనే అంటున్నారు.

ఆ వూరి పేరునే చూడండి. విశాఖపట్నం అసలు అతుకు ‘ఖ’ తర్వాత వుంది. చదువుకున్నవాడు అక్కడ విరిచి ‘విశాఖ’ అన్నాడు. ఇంగ్లీషువాడు తన రాతలో ‘వైజాగపటం’ చేసి, అతుకు ఎక్కడుందో తెలియక అకారానికి ముందే నరికి ‘వైజాగ్’ అన్నాడు. చుట్టుపక్కల పల్లెల మనిషి ‘ఇశాపట్నం’ అన్నాడు. రెండు మాటలూ వుంచుకుని, నడిమధ్య బలహీనంగా వున్న ఒక్క అక్షరాన్ని జారవిడిచాడు. సమాసం చెడలేదు, నోటికి తేలికైంది. ముగ్గురిలో భాష తెలిసినవాడెవరు? పల్లెటూరివాడే అని నా జవాబు.

రేవు సంగతి కూడా ఇలాగే వుంది. 1933లో ఓడలకి తెరుచుకున్న విశాఖ రేవుని మన పుస్తకాలు ‘నౌకాశ్రయం’ అంటాయి. నౌక ఎక్కడ ముగిసిందో ఆశ్రయం ఎక్కడ మొదలైందో ‘కా’లో కలిసిపోయింది. ‘ఓడరేవు’ అంటే రెండూ కనిపిస్తాయి. యంత్రంతో నడిచే పడవకి కోస్తా జాలారులు ‘మరపడవ’ అన్నారు. మర, పడవ. యాంత్రిక నౌక అనలేదు. కొలిమిశాలల దగ్గర ‘పోతఇనుము’, ‘చేతఇనుము’ అన్నారు. పోసినది పోత, చేసినది చేత. క్రియనుంచి పుట్టిన నామం ముందు నిలబడి, ఆ లోహం ఎలా తయారైందో ఒక్క మాటలో చెబుతోంది. మన పాఠ్యపుస్తకాలు ‘లోహసంగ్రహణశాస్త్రం’ అని శీర్షిక పెట్టి, లోపల ‘బ్లాస్ట్ కొలిమి’ అని రాయవలసివచ్చింది. ఇంగ్లీషూ తెలుగూ కలిసిన ఆ జంటమాటే విద్యార్థికి గుర్తుంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ‘సంస్కృత సమాసాలు వద్దంటే శ్రీశ్రీని ఏంచేస్తారు?’ అని. ఆయన విశాఖ మనిషే. 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానం నిండా సంస్కృత సమాసాలున్నాయి. అయినా జనం పాడుకున్నారు. నిజమే. నేను సంస్కృతం వద్దనడంలేదు. శ్రీశ్రీ సమాసం గతిలో విరుగుతుంది. మాట ఎక్కడ కలుస్తుందో దాదాపు అక్కడే లయ ఊనుతుంది. అర్థం పూర్తిగా తెలియనివాడికి కూడా ముక్కలు చెవికి అందుతాయి. మన వచనంలో ఆ లయ లేదు. శ్రీశ్రీ సమాసాలు తీసుకుని, వాటి కాళ్ళు తీసేసి, వ్యాసాల్లో పరుండబెట్టాం. అచ్చతెలుగు మందని కూడా నేననను. విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ మార్చాడు. ఆ అచ్చతెలుగు మనలో చాలామందికి నిఘంటువు లేకుండా అందదు. మాట పుట్టుక కాదు ప్రశ్న. అతుకు కనబడుతున్నదా లేదా అన్నదే ప్రశ్న.

కనబడకపోతే నష్టమేమిటి? ఇక్కడే అసలు విషయం వుంది. సమాసంలో విభక్తి లోపిస్తుందని వ్యాకరణం చెబుతుంది. విభక్తి లోపించడమంటే ఎవరు, ఎవరిని, ఎవరినుంచి, ఎవరి కోసం అనే సంబంధాలు లోపించడమే. అంచేతనే సమాసానికి విగ్రహవాక్యం చెప్పమని బడిలో అడుగుతారు. పాలకుల భాష ఈ సంగతి బాగా కనిపెట్టింది. ‘భూసేకరణ’ అన్నారు. విగ్రహవాక్యం చెప్పండి. భూమి యొక్క సేకరణ. ఎవరి భూమి? సేకరించింది ఎవరు? ఎంతకి? సమాసం జవాబు చెప్పదు. ఉక్కు కర్మాగారం కోసం వూళ్ళకి వూళ్ళే ఖాళీ అయినప్పుడు ఆ జనాన్ని ‘నిర్వాసితులు’ అన్నారు. వాసం పోయినవారు. పోగొట్టింది ఎవరో ఆ మాటలో లేదు. వాళ్ళకి పునరావాసపు కార్డు ఇచ్చి ‘ఆర్ కార్డు’ అన్నారు. చివరికి ఒక మనిషి బతుకంతా ఒక ఇంగ్లీషు అక్షరమైంది.

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం విశాఖ ఉక్కులో నూటికి నూరు శాతం ‘పెట్టుబడుల ఉపసంహరణ’కి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఆ సమాసం ఎంత మర్యాదగా వుందో చూడండి. పెట్టుబడి పెట్టిన పెద్దమనిషి నెమ్మదిగా చేయి వెనక్కి తీసుకుంటున్నట్టు వుంది. కార్మికులు దాన్ని ‘అమ్మకం’ అన్నారు. అమ్మకం అనగానే అమ్మేవాడెవడు, కొనేవాడెవడు అనే ప్రశ్న దానంతటదే వస్తుంది. గేటు ముందు గోడల మీద ‘ప్రైవేటీకరణ’ అని రాశారు. ఇంగ్లీషు మాటకి సంస్కృత ప్రత్యయం. చిన్నయసూరి చూస్తే ఏమనేవాడో గాని, ఆ మాట అర్థంకాని మనిషి గాజువాకలో లేడు. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ‘పునరుజ్జీవన ప్యాకేజి’ ప్రకటించారు. దీనికీ విగ్రహవాక్యం కావాలి. ఎవరిని బతికించడానికి, ఏ షరతుల మీద అని.

పాలకుల సమాసాలను ఇలా విప్పడం తేలిక. మన సమాసాలను విప్పుకోవడం కష్టం. నా పాత వ్యాసమొకటి ఈమధ్య తిరగేశాను. అందులో ‘సామ్రాజ్యవాదవ్యతిరేకశ్రామికజనచైతన్యాభివ్యక్తి’ అని రాసి వుంది. ఏడు మాటలు, ఇరవై అక్షరాలు, ఒక్క క్రియ లేదు. ఎవరు ఎవరిని వ్యతిరేకించారు? చైతన్యం శ్రామికజనానిదా, వాళ్ళ గురించి రాసిన కవిదా? రాసిన నేనే చెప్పలేకపోయాను. ‘ప్రజాపోరాటం’ అన్నాం, మంచిమాట. ప్రజలు చేసే పోరాటమా, ప్రజల కోసం ఇంకెవరో చేసే పోరాటమా, ప్రజల పేరు మీద చేసే పోరాటమా? ఈ మూడింటికీ సమాసం ఒకటే. చరిత్రలో మూడూ వేరువేరు. ‘ప్రజాసాహిత్యం’ అన్నప్పుడు కూడా ఇదే ప్రశ్న మన గుండెల మీద వేసుకోవలసి వుంది. షష్ఠీ తత్పురుషమని చెప్పుకుంటూ చతుర్థీ తత్పురుషంతో సరిపెట్టుకుంటున్నామని నా అనుమానం.

పరిష్కారం ఏమిటని మిత్రులు అడుగుతారు. పెద్ద సిద్ధాంతాలేమీ లేవు. సమాసం రాసినప్పుడు విగ్రహవాక్యం చెప్పుకోవాలి. చెప్పలేకపోతే ఆ సమాసంలో ఆలోచన లేదన్నమాట. అప్పుడు దాన్ని విప్పి, కర్తనీ క్రియనీ పెట్టి వాక్యంగా రాయాలి. రెండోది, రాసినదాన్ని పైకి చదవాలి. నోరు విరిచే చోటూ అర్థం విరిగే చోటూ ఒకటి కాకపోతే అనుమానించాలి. మూడోది, వెళ్ళి వినాలి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం వెలువడింది. రైతుల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ నోటినుంచి ఏరిన మాటలవి. ఆ తర్వాత చేనేతకీ అలాంటి కోశం వచ్చింది. ఆ పద్ధతిలోనే రేవులో కళాసీల మాటలు, కొలిమి దగ్గరి మాటలు ఏరవలసి వుంది. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న ఆ మూడు బ్లాస్ట్ ఫర్నేసుల చుట్టూ మూడు షిఫ్టుల్లో పనిచేసిన వేలమంది ఎన్ని జంటమాటలు కట్టివుంటారు! సాహిత్య విద్యార్థులు పరిశోధనకి అంశాలు లేవంటున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంనుంచి కూర్మన్నపాలెం గేటుకి సిటీబస్సు వుంది.

కోర్టు వరండాలలో విన్న మాటలనుంచి రావిశాస్త్రి ఒక శైలినే తయారుచేశాడు. ఆయన వకీలు. వినడం ఆయన వృత్తి. మనం చెప్పడమే వృత్తిగా పెట్టుకున్నాం.

ఆ యువకవి ఇప్పుడు యువకుడు కాడు. ఉద్యోగ విరమణ చేశాడు. తన పుస్తకం మళ్ళీ వేస్తున్నానని, ముందుమాట రాయమని ఈమధ్య కబురు పంపాడు. రాస్తానన్నాను. ఒక షరతు పెట్టాను. ‘అగ్నిచెమట’ని దాని చోట దాన్ని పెట్టమన్నాను. ‘అది ఎప్పుడో పెట్టేశానండి. పాడేవాళ్ళు నా మాట కూడా వినరు గదా’ అన్నాడు.